రంజన్ అడుగున నల్లమట్టి

ఈ సంగతి జరిగినప్పుడే రాసి ఉండవలసింది. అప్పుడు నాకు అక్షరాలు రావు. ఊహ తెలిసీ తెలియని రోజుల్లోనే మా అమ్మ నా ఒళ్లో చాట పెట్టింది. చాటలో తునికాకు, తంబాకు, దారం. బడి గంట మా వాకిట్లోకి వినిపించేది. గంట మోగినప్పుడు తల ఎత్తితే కట్ట తక్కువ పడుతుందని అమ్మ కసిరేది. పెళ్లయ్యాక ఇల్లు మారింది గానీ ఒళ్లో చాట మారలేదు. బస్సు మీది ఊరి పేరును బొమ్మలాగా గుర్తుపట్టడం, వేలిముద్ర బదులు సంతకం గీయడం, అంతే నా చదువు. అక్షరాలు నేర్చుకున్నది చాలా ఏళ్ల తర్వాత, నా మనవరాలు రెండో తరగతిలో ఉండగా, దాని పలక మీద. తప్పు రాస్తే చెవి మెలిపెట్టేది. ఆ పిల్ల చేతి అక్షరాలతోనే, ఆ పిల్లను నా చేతికి ఇవ్వని రోజుల గురించి రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ వచ్చేది ఏడుపు కాదు. రోత.

తెలంగాణ వచ్చే ముందటి ఏడాది ఎండాకాలం అది. తంబాకు దుమ్ముతో రొమ్ము పట్టేసి, బీడీలు మానేసి, కామారెడ్డిలో ఒక కాలేజీలో కడిగే పనికి కుదిరాను. మాది ఎల్లారెడ్డి పక్కన చిన్న పల్లె. పొద్దున ఆర్డినరీ బస్సులో పోయి సాయంత్రం తిరిగి వచ్చేదాన్ని. కాలేజీలో రాళ్ల పాఠం చెప్పే మేడం ఒకామె ఉండేది. నిజామాబాద్ వైపు మనిషి. ఆమె గదిని అందరూ రాళ్ల గది అనేవాళ్లు. బీరువాల నిండా రాళ్లు, బల్ల మీద మైక్రోస్కోప్, మూలకు ఒక పాత ఫ్రిజ్. రాళ్లు కడగడానికి నాకేమీ బాధ లేదు. రాయికి వాసన ఉండదు. కానీ ఆ ఏడాది మేడం తన పెద్ద చదువు కోసం సముద్రం అడుగు మట్టి తెప్పించుకుంది.

ఓడ మీద నుంచి పొడుగాటి పైపును దించి సముద్రం అడుగులో గుచ్చుతారట. లోపలి మట్టి వరసలు చెదరకుండా పైకి లాగుతారట. ఆ పైపు ముక్కలే ఫ్రిజ్‌లో పడుకొని ఉండేవి. మేడం ఒకటి తీసి నిలువునా చీల్చిన రోజున నేను గుమ్మం దాకా వెనక్కి నడిచాను. మురిగిన కోడిగుడ్డు, తడిసిన గోనెసంచి, ఎండుచేప, ఈ మూడింటినీ డబ్బాలో పెట్టి మూత బిగించి ఎండలో ఉంచి తీసినట్టుంది. సముద్రం అంటే నేను ఎన్నడూ చూడలేదు. నీలంగా, ఉప్పగా, శుభ్రంగా ఉంటుందనుకున్నాను. దాని అడుగు ఇట్లా ఉంటుందని ఎవరు చెప్పారు?

ఆ మట్టిని జల్లెడలో వేసి, నీళ్లు పోస్తూ, జిగురంతా పోయి గింజలు మిగిలేదాకా కడగడం నా పని. చేతికి తొడుగులు ఇచ్చింది గానీ అవి పొద్దుటికి బాగుండి మధ్యాహ్నానికి చిరిగేవి. మట్టి వేళ్ల సందున వెన్నలాగా జారేది. గోళ్ల కిందికి పోయి కూర్చునేది. సబ్బుతో, నిమ్మచెక్కతో, చింతపండుతో రుద్దేదాన్ని. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే ఆ వాసనే ముందు వచ్చేది.

బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండేది. ఒకరోజు కండక్టర్ నా దగ్గరికి వచ్చి అటూ ఇటూ చూశాడు.

"అవ్వా, చాపల గంప ఏడ వెట్టినవ్? సీటు కిందనా?"

"చాపల్లేవు కొడుకా. చేతులే."

"అయితే గా చేతులకే లగేజి టికెట్ కొడ్త."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. దిగాక ఊరి బయట బోరింగు దగ్గర ఆగి, చేతులు మళ్లీ ఇసుకతో రుద్దుకున్నాను.

మేడం మాత్రం ముక్కు మూసుకొనేది కాదు. నేను కడిగి ఆరబెట్టిన గింజలను మైక్రోస్కోప్ కింద పెట్టి, సన్నని సూదితో ఒక్కొక్కటే పక్కకు జరిపేది. ఒకసారి నన్ను కూడా చూడమంది. కంటి ముందు గులాబీ రంగు ముక్క ఒకటి, మిఠాయి పలుకులాగా మెరిసింది.

"ఇది మన కామారెడ్డి గుట్టల్లాంటి రాయి నుంచి ఊడింది" అన్నది మేడం. "దాని పక్కన తెల్లది పలుగురాయి. మెరిసేది కాకిబంగారం. ఇప్పుడు నల్లది చూడు."

చిన్న అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి దగ్గరికి తెచ్చింది. నల్ల గింజలు చీమల్లాగా లేచి అంటుకున్నాయి.

"ఇవి నల్లరేగడి దేశం నుంచి వచ్చినయి. పైన మరాఠీ వైపు నేలంతా నల్లరాయి. అది అరిగి బురదయితే మంజీర తెస్తది. మంజీర గోదావరికిస్తది. గోదావరి పోయి సముద్రంల పడేస్తది. గింజకు పుట్టిల్లుంటదమ్మా. ఎంత దూరం పోయినా దాస్తే దాగది."

నాకు గింజల మీద ప్రేమ పుట్టలేదు. వేరే ఆలోచన వచ్చింది.

"అంటే మేడం, మనం కడిగింది, ఊసింది, కాలవల కలిపింది, అంతా పోయి గాడనే కూసుంటదా?"

"అంతా కూసుంటది. ఒకదాని మీద ఒకటి. కింద పాతది, పైన కొత్తది."

ఆమె ఆ మాట సంతోషంగా అన్నది. నేను నా గోళ్ల వైపు చూసుకున్నాను. సముద్రం కూడా మురుగు చేరే ఒక మోరీ గుంతేనన్నమాట.

ఇంట్లో ముగ్గురమే. కొడుకు దుబాయ్‌లో. నేను, కోడలు, నడక నేర్చిన మనవరాలు. ఆ పిల్లకు రెండేళ్లు నిండలేదు. నేను బస్సు దిగే వేళకు వాకిట్లోకి వచ్చి నిలబడేది. "అవ్వ" అన్న మాటే దానికి మొదట వచ్చిన మాట.

శివరాత్రి పోగానే మా వైపు ప్రతి ఇంట్లో మూలన ఇసుక పోసి, దాని మీద తాగే నీళ్లకు మట్టి రంజన్, పెద్ద కుండ, నిలబెడతాం. చుట్టూ ఇసుక తడుపుతాం. ఒకసారి నిలబెట్టాక వానలు పడేదాకా దాన్ని కదపం. లోపల చేయి పెట్టి తోమం. తోమితే మట్టి రంధ్రాలు మూసుకుపోయి చల్లదనం పోతుందని మా నమ్మకం. నీళ్లు తగ్గుతుంటే పై నుంచి పోస్తూ ఉంటాం, అంతే. అడుగున ఏముందో ఎండాకాలం అంతా ఎవరూ చూడరు.

ఆ ఏడాది మా రంజన్‌లో క్యాను నీళ్లు పోశాం. మా పల్లెలోనే ఒకతను బోరు వేసి ఫిల్టర్ మిషన్ పెట్టాడు. వరసకు నాకు మరిది అవుతాడు. బోరింగు నీళ్లు తాగితే పిల్లల పండ్లు పచ్చబడతాయని అతనే ఇంటింటికీ చెప్పాడు. కోడలికి భయం పట్టుకుంది. రంజన్ నీళ్లు పాపకు మాత్రమే. పెద్దవాళ్లం ఇద్దరం బోరింగు నీళ్లే తాగాలి. నేనూ సరే అన్నాను. కొన్న నీళ్లు మనకెందుకు, పిల్లకు పోయాలి గానీ.

ఎండలు ముదిరాక పాపకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఎల్లారెడ్డి దవాఖానలో సెలైన్ ఎక్కించారు. అక్కడ ఉన్నన్నాళ్లు కోలుకుంది. ఇంటికి తెచ్చాక మళ్లీ మొదలు. పిల్ల తొడలు బక్కబడి తోలు వేలాడింది. కళ్లు గుంటలు పడ్డాయి. అది కక్కిన ప్రతిసారీ తుడిచింది కోడలే. నన్ను దగ్గరికి రానివ్వలేదు.

"ముట్టకు అత్తమ్మా. నీ చేతులకే వస్తున్నది ఇదంత."

"నా చేతులకేమున్నది బిడ్డా? కడుక్కున్న గద."

"ఏం కడుగుతవ్? గుమ్మంల అడుగు వెడితేనే వాసనొస్తది. సముద్రం కింద ఏం సచ్చి ఉన్నదో, ఎవలెవల పీనుగలున్నయో, అదంత పిసికి పిసికి వచ్చి పిల్ల నోట్లె వేలు వెడ్తవా?"

 ఆ మాట నేనే ఎన్నిసార్లు అనుకున్నానో. నాకు నా చేతులంటే అసహ్యంగానే ఉండేది. పిల్ల చేతులు చాపుకొని నా వైపు వస్తే నేనే రెండు చేతులూ వెనక్కి పెట్టుకొనేదాన్ని. అది నా కొంగు పట్టుకొని గుంజి, ఎత్తుకోకపోతే నేల మీద పడి ఏడ్చేది. నేను అట్లాగే నిలబడి చూసేదాన్ని.

దుబాయ్ నుంచి కొడుకు ఫోన్ చేశాడు. కోడలు స్పీకర్ పెట్టింది. "అమ్మా, గా పని బంద్ జెయ్యి. నేను పంపుత గద" అన్నాడు. వాడు పంపేది ఎంతో నాకు తెలుసు.  కోడలు సంచి సర్దడం మొదలుపెట్టింది. సదాశివనగర్‌లో ఆమె తల్లిగారిల్లు. మూడు రోజుల్లో పిల్లను తీసుకొని పోతుంది. నేను పని మానితేనే తిరిగి వస్తుంది. అక్కడ పాపకు నయమైతే ఇక నా చేతులదే తప్పని తేలిపోతుంది. జన్మలో మళ్లీ ఆ పిల్లను నా ఒళ్లో కూర్చోబెట్టరు.

ఆ సాయంత్రమే కోడలు ముంతతో రంజన్ అడుగు నీళ్లు తోడి, గ్లాసులో పోసి, పాపకు పట్టబోయింది. నేను పక్కనే ఉన్నాను. గ్లాసు దగ్గర నాకు ఆ వాసన వచ్చింది. చీల్చిన పైపు వాసన, సన్నగా.

"ఆగు బిడ్డా. నీళ్లు వాసనొస్తున్నయ్."

"నీళ్లు కాదు. గది నీ చెయ్యే."

చేయి వాసన చూసుకున్నాను. గ్లాసు వాసన చూశాను. ఏది ఎక్కడిదో నాకే తెలియలేదు. రోజంతా ఆ కంపులో ఉండి నా ముక్కు పాడైపోయింది. కోడలు నమ్మలేదని అనడమెందుకు, నన్ను నేనే నమ్మలేకపోయాను.

మరునాడు మేడంను అడిగాను. ఇట్లాంటి మట్టి తాగే నీళ్లలో ఉంటే మీ గాజు కంటికి తెలుస్తుందా అని.

"తెచ్చి చూపియ్యి. కానీ కలపకుంట తే. కలిపితే ముందటిదేదో వెనకటిదేదో తెల్వది" అన్నది.

నా దగ్గర పైపు లేదు. మా పెరట్లో బొప్పాయి చెట్టుంది. దాని ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది. ఆ సాయంత్రం కోడలు పాపకు నీళ్లు పోస్తుండగా, నిటారుగా ఉన్న కాడ ఒకటి కోసి, కడిగి, రంజన్‌లోకి దించాను. నీళ్లు జానెడు కూడా లేవు. కాడను మెల్లగా అడుగుకు ఒత్తాను. రంజన్ అడుగు గట్టిగా తగలవలసింది. తగలలేదు. కాడ మెత్తగా దిగబడింది. ఆ మెత్తదనం నాకు బాగా తెలిసినదే. రోజూ నా వేళ్ల సందున జారేదే.  పై రంధ్రం బొటనవేలితో మూసి కాడ పైకి తీశాను. రెండు చివర్లా గుడ్డ కుక్కి, తువ్వాలలో చుట్టి, పొద్దున బస్సులో ఒళ్లో నిలబెట్టుకొని తీసుకుపోయాను. ఆ మరునాడే కోడలు ప్రయాణం.

మేడం బ్లేడుతో కాడను నిలువునా చీల్చింది. సముద్రం పైపు ఎట్లా చీల్చిందో అట్లాగే. లోపల రెండు వరసలు. కింద పలుచగా ఎర్రని గరుకు. దాని మీద మందంగా నల్లగా, నూనె పూసినట్టు నిగనిగలాడే బురద. ఆమె కింది వరస నుంచి కొంచెం, పై వరస నుంచి కొంచెం విడివిడిగా తీసి, కడిగించి, ఆరబెట్టించి, మైక్రోస్కోప్ కింద పెట్టింది. చాలాసేపు చూసింది.

"ఈ కిందిది మీ ఊరి బోరుదే. గులాబీ పలుకు, పలుగురాయి, కాకిబంగారం. మీ నేల కింద ఉండే రాయే." అయస్కాంతం తీసింది. పై వరస గింజల్లో నల్లవి లేచి అంటుకున్నాయి. "ఇది బోరుది కాదమ్మా. ఇది మంజీర బురద. ఏడాది నుంచి పొద్దుమాపు నేను చూస్తున్నది ఇదే. సముద్రంల ఉన్నది, మీ రంజన్‌ల ఉన్నది ఒక్క తీరే ఉన్నది. ఎండలు ముదిరినంక ఎవలో నీళ్లు మార్చిండ్రు."

అప్పుడు సూదితో ఏదో పక్కకు లాగి, చూడమంది. గింజ కాదు. పీచు పీచుగా, నడుమ సన్నని కాడతో ఉంది.

"ఈక" అన్నది మేడం. "కోడి ఈక ముక్క."

నాకు అంతా తెలిసిపోయింది. ఎండాకాలం మంజీర వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డున గుంటలు మిగులుతాయి. పగలంతా బర్రెలు అందులోనే పడుకుంటాయి. కోళ్ల షెడ్లవాళ్లు చచ్చిన కోళ్లను గోనెసంచులతో తెచ్చి అందులోనే విసిరేస్తారు. ఆ దారిన పోతే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని పోతాం. ఆ నీళ్లనే మేము కొని, చల్లగా ఉంచి, పెద్దవాళ్లం ఒక్క చుక్క ముట్టకుండా, ఇంట్లో అందరికంటే ముద్దుగా చూసుకొనే పిల్లకు పట్టాం. బయటికి పోయి మోరీ మీద వంగి కక్కాను.

మేడం నీళ్లు తెచ్చి ఇచ్చింది. "మట్టి ఎక్కడిదో నేను చెప్తా. అందుల ఏ రోగమున్నదో ఈ మిషన్ చెప్పదు. కానీ ఆ నీళ్లు పొయ్యకుండ్రి. డాక్టర్‌కు కూడ చెప్పండి" అన్నది.

ఇంటికి వచ్చి కోడలికి చెప్పాను. చీల్చిన కాడలో ఒక సగం నా వెంట తెచ్చుకున్నాను. అది చూపించాను. ఆమె దూరం నుంచే చూసింది.

"గింజను జూసి ఊరు చెప్పుడేంది? గింజకు ఆధార్ కార్డుంటదా? నీ పని పోతదని గీ కథలన్ని పడ్తున్నవ్ అత్తమ్మా."

ఇంతలో వాకిట్లో ఆటో ట్రాలీ ఆగింది. నీళ్లాయన, ఆ మరిదే, క్యాను భుజం మీద పెట్టుకొని వచ్చాడు. మెడలో తువ్వాలతో మొఖం తుడుచుకొని, అదే తువ్వాలతో క్యాను మూతి తుడిచి, గడప దగ్గర దించాడు.

"తమ్మీ, నీ బోర్ల నీళ్లున్నయా?" అని అడిగాను.

"ఎండకాలం ఎవని బోర్ల ఉన్నయ్ వదినా? కన్నీళ్లు కూడ ఎండిపాయె."

"మరి ఇవి ఏడియి?"

"ఏడియైతే ఏంది? మిషన్ల వోస్తే సాఫ్ అయితయ్."

"కరెంటు లేనప్పుడో?"

నవ్వాడు. నేను ఏదో సరదా మాట అన్నట్టు నవ్వాడు. "కరెంటు లేకుంటే మిషన్ నడుస్తదా? జనం ఊకుంటరా? డైరెక్ట్ పడ్తం. మట్టి గిట్ల ఉంటే రెండు దినాలల్ల అడుగుకు దిగుతది. గందుకే గద మీకు రంజన్లున్నయి."

"మంజీర గుంటలయేనా?"

"ఇంకేడున్నయ్ వదినా? బర్లు తాగుతలేవా? మా నాయిన తాగలేదా? ఎవలు సచ్చిండ్రు?"

కోడలు పాపను చంకలో గట్టిగా పట్టుకొని ముందుకు వచ్చింది. "గా గుంటలల్ల సచ్చిన కోళ్లేస్తరు గద మామా!"

"గా పక్కకేస్తరు బిడ్డా" అన్నాడతను, చేత్తో చూపిస్తూ. "మనం నింపేది ఈ పక్కకు."

గుంటకు పక్కలున్నాయి, నీళ్లకు లేవు. అతను అబద్ధం ఆడి ఉంటే నాకు ఇంత రోత పుట్టేది కాదేమో. అది దాచవలసిన సంగతని కూడా అతనికి తోచలేదు. పాప బుగ్గ గిల్లబోయాడు. కోడలు వెనక్కి జరిగింది.

"మీ క్యాను మీరు కొంచవోండ్రి" అన్నది.

"అరె, ఏమైంది?"

"కొంచవోండ్రి."

అతను గొణుగుతూ క్యాను ఎత్తుకొని పోయాడు. పక్కింటామె వాకిట్లో నిలబడి అంతా విన్నది. కోడలు నా వైపు చూడలేదు. తప్పయిందని అనలేదు. నేను కూడా అడగలేదు. పాపకు బోరింగు నీళ్లు కాచి, చల్లార్చి, చెంచాతో పట్టింది. సర్దిన సంచి గడప దగ్గర అట్లాగే ఉంది.

పొద్దున లేచి రంజన్ ఒంచుదామని పోయాను. కోడలు వెనక నుంచి వచ్చింది.

"ముట్టకు అత్తమ్మా" అన్నది.

నెల రోజులుగా వింటున్న మాటే. వెనక్కి జరిగాను. ఆమె పాపను కింద దించి, రంజన్‌ను ఇసుక మీది నుంచి లేపి, పెరట్లోకి మోసుకుపోయింది. అక్కడ వంచి, చెయ్యి భుజం దాకా లోపల పెట్టి, అడుగు గీకి తీసింది. గుప్పిట నిండా నల్ల బురద వచ్చింది. మోచేతి మీదుగా కారింది. ఒకసారి వాసన చూసి మొఖం తిప్పుకున్నది. మళ్లీ చెయ్యి పెట్టింది. పాప నడుచుకుంటూ ఆ బురద వైపు పోబోయింది.

"పాపను జర ఎత్తుకో అత్తమ్మా. నా చేతులు ఖరాబున్నయ్" అన్నది, తల ఎత్తకుండానే.

ఎత్తుకున్నాను. బరువు లేదు. కోడిపిల్లలాగా ఉంది. నా మెడ పట్టుకొని, నా చెంప నాకింది.

ఖాళీ బిందె పట్టుకొని వాకిట్లోకి వచ్చేసరికి ట్రాలీ పక్కింటి ముందు ఆగి ఉంది. నిన్న అంతా విన్న ఆమె రెండు క్యాన్లు దించుకుంటున్నది. నేను చూస్తుంటే, "మా పిల్లలకేం కాలే వదినా" అన్నది. నీళ్లాయన తువ్వాలతో మూతులు తుడుస్తున్నాడు. నేను నేల మీద ఊసి, పక్క నుంచి నడిచిపోయాను.

కామారెడ్డి బస్సు హారన్ కొట్టింది. ఆ పూటకు దాన్ని పోనిచ్చాను. బోరింగు దగ్గర పాపను ఒక చంకన సర్దుకొని, రెండో చేత్తో కొట్టాను. మొదట తుప్పు నీళ్లు వచ్చాయి. అవి పోయేదాకా కొట్టి, తర్వాత బిందె పెట్టాను.